మూత తెరవని జాడీ: వెలుతురుతో కరెంటు, ఇన్‌ఫ్రారెడ్‌తో జవాబు

మిరప, టమాటా విత్తనాలను గాలి చొరని జాడీలో దాచేవాళ్లందరికీ ఒకే చిక్కు. లోపల తేమ ఎంతుందో తెలియాలంటే మూత తియ్యాలి. తీసిన ప్రతిసారీ బయటి తేమ లోపలికి దూరుతుంది. జులై, ఆగస్టుల్లో మన వైపు గాలిలో తేమ 80 శాతం దాటే రోజులు ఉంటాయి. అలాంటి రోజున మూత తీసి చూడటమంటే, దేన్ని కాపాడుతున్నామో దాన్నే చెడగొట్టుకోవడం.

విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో మిరపకు, టమాటాకు మామూలు సంచిలో 8 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. గాలి చొరని డబ్బాలో 6 శాతమే హద్దు. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే నిల్వ కాలం ఇంచుమించు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ సూత్రం. నిల్వ చోట ఫారన్‌హీట్ డిగ్రీలు, గాలిలో తేమ శాతం కలిపి 100 దాటకూడదన్నదీ ఆయన చెప్పిందే. కాబట్టి ఒకటి రెండు శాతాల తేడా ఇక్కడ చిన్న విషయం కాదు. అడుగున వేసిన సిలికా జెల్ రంగు మారితే తేమ పెరిగిందని తెలుస్తుంది కానీ ఎంత పెరిగిందో తెలియదు.

ఇక్కడ ఉన్నవి 12 గాజు జాడీలు. ఒక్కోటి 20 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల మూతి, రబ్బరు గాస్కెట్ ఉన్న మూత. విత్తనంలో తేమ దాని చుట్టూ ఉన్న గాలి తేమను బట్టే ఉంటుంది కాబట్టి రోజుకు ఒక్కసారి ఒక్కో జాడీలో ఉష్ణోగ్రత, గాలి తేమ తెలిస్తే చాలు. మూత తియ్యకూడదు, మూతకు రంధ్రం పెట్టకూడదు, లోపల బ్యాటరీ ఉండకూడదు.

బ్యాటరీ వద్దన్నదానికి కారణం ఉంది. కాయిన్ సెల్‌తో నడిచే బ్లూటూత్ సెన్సర్ గాజు లోంచి హాయిగా పని చేస్తుంది. గంట గంటకూ రీడింగ్ కావాలనుకుంటే అదే కొనుక్కోవాలి, ఈ తంటా అక్కర్లేదు. ఇక్కడ మాత్రం ఏళ్ల తరబడి మూసి ఉంచాల్సిన జాడీ. సెల్ అయిపోయిన రోజు మళ్లీ మూత తియ్యక తప్పదు. వైరు లోపలికి పంపితే వైరు చుట్టూ సీలు ఎప్పటికైనా కారుతుంది. గాజు లోంచి దేనికీ ఇబ్బంది లేకుండా వెళ్లేది వెలుతురే.

పని పంపకం

జాడీ లోపల తేమ కొలిచే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి ఉంటుంది. దానికి కరెంటు, సోలార్ ప్యానెల్ మీద పడే తెల్లటి ఎల్‌ఈడీ వెలుతురు నుంచి వస్తుంది. బోర్డు జవాబు 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌లో బయటికి వస్తుంది. మనిషి చేతిలో ఉండే రీడర్‌ను జాడీకి ఆనించి బటన్ నొక్కితే వెలుతురు పడుతుంది, బోర్డు లేస్తుంది, కొలుస్తుంది, చెబుతుంది. బటన్ వదిలితే బోర్డు చచ్చినట్టు పడి ఉంటుంది. రీడింగ్ కావాల్సిన క్షణంలో మనిషి ఎలాగూ అక్కడ నిలబడే ఉంటాడు కాబట్టి కరెంటు దాచుకోవాల్సిన పనే లేదు. ఈ ఒక్క నిర్ణయం మిగతా డిజైన్‌నంతా తేలిక చేసింది. మొదట్లో దీన్ని పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన నష్టం కింద రాశాం.

కరెంటుకు కూడా ఇన్‌ఫ్రారెడే వాడొచ్చు కదా అనిపిస్తుంది. సిలికాన్ సెల్ 850 నానోమీటర్ల దగ్గర ఒక వాట్ వెలుతురుకు సుమారు 0.6 ఆంపియర్ ఇస్తుంది, తెల్లటి వెలుతురుకు 0.4 దగ్గరే. లెక్కలో ఇన్‌ఫ్రారెడ్‌దే పైచేయి. కానీ జవాబు వినే టీఎస్‌ఓపీ రిసీవర్ (టీవీల్లో రిమోట్ సిగ్నల్ అందుకునే భాగం) నల్లటి ప్లాస్టిక్ తొడుగు 850ని కొంత లోపలికి రానిస్తుంది. పక్కనే ఒక వాట్ ఇన్‌ఫ్రారెడ్ మండుతుంటే ఆ రిసీవర్ సున్నితత్వం పడిపోతుంది. తెల్ల ఎల్‌ఈడీ వెలుతురు 700 నానోమీటర్లు దాటాక దాదాపు ఉండదు, కాబట్టి రిసీవర్‌కు అది చీకటితో సమానం. ఇంకో మాట: కంటికి కనిపించని గట్టి వెలుతురుకు రెప్ప పడదు. చేత్తో పట్టుకుని తిప్పే పరికరంలో అది పెట్టడం మంచిది కాదు.

వెలుతురు లెక్క

ఒక వాట్ తెల్ల ఎల్‌ఈడీ, 350 మిల్లీఆంప్స్ దగ్గర సుమారు 100 ల్యూమెన్లు. దాని మీద 60 డిగ్రీల లెన్స్. ఆ కాంతి 0.84 స్టెరేడియన్ల (ఘనకోణం కొలత) శంకువులోకి వెళ్తుంది, అంటే ఆ దిక్కులో కాంతి తీవ్రత ఇంచుమించు 120 క్యాండెలా. 10 సెంటీమీటర్ల దూరంలో 12,000 లక్స్.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎండ లక్ష లక్స్, ఇది 12,000, కాబట్టి ఎండలో వచ్చే కరెంటులో ఎనిమిదో వంతు వస్తుందనుకుంటారు. లక్స్ కంటి కొలత. తెల్ల ఎల్‌ఈడీ వెలుతురులో వాట్‌కు 300 ల్యూమెన్లు ఉంటాయి కాబట్టి 12,000 లక్స్ అంటే చదరపు మీటరుకు 40 వాట్లే. ఎండలో అది 1,000 వాట్లు. అసలు నిష్పత్తి పాతికో వంతు. పూర్తి ఎండలో 60 మిల్లీఆంప్స్ ఇచ్చే ప్యానెల్ ఇక్కడ 2.4 ఇస్తుంది. గాజు రెండు ముఖాల దగ్గర నాలుగేసి శాతం వెనక్కి పోతుంది, మిగిలేది 2.2 మిల్లీఆంప్స్. లోపలి బోర్డు మెలకువగా ఉన్నప్పుడు తాగేది 1 మిల్లీఆంప్ చుట్టూ. రెట్టింపు చేతిలో ఉంది, చాలు.

ఈ లెక్క తెల్లటి గాజుకు. పచ్చటి ఛాయ ఉన్న మందపాటి గాజులో ఇనుము ఉంటుంది, అది ఇన్‌ఫ్రారెడ్‌ను కొంత మింగేస్తుంది. ఊరగాయ జాడీల్లాంటి పింగాణీ, స్టీలు డబ్బాలకు ఈ పద్ధతి పనికిరాదు. పెట్ ప్లాస్టిక్, అక్రిలిక్ పనికొస్తాయి.

జాడీ లోపలి బోర్డు

60 మిల్లీమీటర్ల చదరపు, 4 వోల్టుల ఎపాక్సీ పూత సోలార్ ప్యానెల్. దాని నుంచి బీఏటీ85 షాట్కీ డయోడ్, తర్వాత 470 మైక్రోఫారడ్ 10 వోల్టుల కెపాసిటర్, ఆ కెపాసిటర్‌కు అడ్డంగా 22 కిలో ఓమ్ రెసిస్టర్. ఆ తర్వాత ఎంసీపీ1700 రెగ్యులేటర్, 3.0 వోల్టుల రకం, ముందూ వెనకా ఒక్కో మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్‌తో. దాని మీద ఏటీటైనీ85 అనే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్, ఉష్ణోగ్రత, తేమ కొలిచే ఎస్‌హెచ్‌టీ31 సెన్సర్. సెన్సర్ ఎస్‌డీఏ కాలు ఏటీటైనీ 5వ పిన్నుకు, ఎస్‌సీఎల్ 7వ పిన్నుకు, రెండింటికీ 10 కిలో ఓమ్ పుల్‌అప్. 6వ పిన్ను నుంచి 330 ఓమ్ రెసిస్టర్ ద్వారా 940 నానోమీటర్ల ఎల్‌ఈడీ, టీఎస్‌ఏఎల్6200. ట్రాన్సిస్టర్ అక్కర్లేదు.

330 ఓమ్‌తో ఎల్‌ఈడీకి 5 మిల్లీఆంప్సేనా అని అనుమానం రావచ్చు. రిమోట్ కంట్రోళ్లలో వంద మిల్లీఆంప్స్ పంపడం మామూలే. కానీ రిమోట్ పది మీటర్లు పలకాలి, ఇక్కడ 10 సెంటీమీటర్లు. దూరం నూరో వంతు అయితే కావాల్సిన వెలుతురు పదివేలో వంతు. 5 మిల్లీఆంప్స్ కూడా నిజానికి ఎక్కువే.

రిసీవర్ 38 కిలోహెర్ట్జ్ దగ్గర మినుకే వెలుతురునే వింటుంది. అందుకు ఏటీటైనీని 1 మెగాహెర్ట్జ్ దగ్గర నడపాలి. టైమర్ 0ను ఫాస్ట్ పీడబ్ల్యూఎంలో పెట్టి పైహద్దు రిజిస్టర్‌లో 25, పోలిక రిజిస్టర్‌లో 8 వేస్తే 26 లెక్కలకు ఒక చక్రం, 38.46 కిలోహెర్ట్జ్, అందులో మూడో వంతు మాత్రమే ఎల్‌ఈడీ వెలుగుతుంది. మూడో వంతు చాలు, సగం పెట్టినా రిసీవర్‌కు పెద్ద లాభం ఉండదు, కరెంటు మాత్రం ఖర్చవుతుంది.

సందేశం 32 బిట్లు: జాడీ నంబరుకు 6, ఉష్ణోగ్రతకు 10, తేమకు 10, సరిచూసుకునే మొత్తానికి 6. రెండు కొలతలూ పదో వంతు మెట్లలో. ఎన్‌ఈసీ రిమోట్ పద్ధతిలోనే పంపుతుంది: 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 ఖాళీ, తర్వాత ఒక్కో బిట్టు. ఎన్‌ఈసీలో ఉండే తిరగేసిన నకలు బైట్లు ఇందులో ఉండవు కాబట్టి రీడర్‌లో లైబ్రరీ ఇచ్చే చిరునామా, కమాండ్‌లను వదిలేసి ముడి 32 బిట్లనే తీసుకోవాలి. ఒక సందేశానికి సుమారు 70 మిల్లీసెకన్లు. అందులో ఎల్‌ఈడీ నిజంగా వెలిగేది 9 మిల్లీసెకన్లే. ఎల్‌ఈడీ, ఏటీటైనీ కలిపి ఖర్చు 0.12 మిల్లీకూలుంబ్. మూడుసార్లు పంపుతుంది, రీడర్ ఏ రెండు సరిపోలినా ఒప్పుకుంటుంది.

ఏటీటైనీలో 1.8 వోల్టుల బ్రౌన్‌అవుట్ ఫ్యూజ్ (వోల్టేజీ అంతకంటే తక్కువ ఉంటే చిప్‌ను రీసెట్‌లోనే ఉంచే సెట్టింగ్) తప్పనిసరిగా వెయ్యాలి. తక్కువ కరెంటు బోర్డుల్లో దాన్ని తీసేయడం అలవాటు, ఎందుకంటే అది 20 మైక్రోఆంప్స్ చుట్టూ తాగుతుంది. ఇక్కడ అది ఉండాల్సిందే. గదిలో 300 లక్స్ ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే ప్యానెల్ 60 మైక్రోఆంప్స్ ఇస్తుంది. కెపాసిటర్ మెల్లగా ఒకటిన్నర వోల్టు దాకా ఎక్కుతుంది, చిప్ సగం లేస్తుంది, తాగడం మొదలెడుతుంది, అక్కడే ఇరుక్కుంటుంది. తర్వాత రీడర్ ఆనించినా ఆ మత్తులోంచి బయటికి రాదు. 22 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టింది కూడా ఇందుకే: 60 మైక్రోఆంప్స్ మొత్తం దాని లోంచి పారితే 1.3 వోల్టులే నిలుస్తుంది. బటన్ వదిలాక ఓ నలభై సెకన్లలో కెపాసిటర్ ఖాళీ అయిపోయి ప్రతి రీడింగూ సున్నా నుంచి మొదలవుతుంది. సెన్సర్‌కు కూడా లేవగానే హెక్స్ 30ఏ2 సాఫ్ట్ రీసెట్ పంపి, ఆ తర్వాతే హెక్స్ 2400 కొలత కమాండ్ ఇవ్వాలి.

చేతి రీడర్

90 మిల్లీమీటర్ల వ్యాసం పీవీసీ పైపు ముక్క, లోపల తెల్లగా, బయట నల్ల రంగు. ఒక చివర అల్యూమినియం పలక మీద ఎల్‌ఈడీ, దాని పక్కన టీఎస్‌ఓపీ4838. రెండో చివర జాడీకి ఆనేది. 20 సెంటీమీటర్ల గుండ్రటి జాడీ మీద 90 మిల్లీమీటర్ల పైపు ఆనిస్తే పక్కల ఒక సెంటీమీటరు దాకా సందు వస్తుంది. 15 మిల్లీమీటర్ల మెత్తటి స్పాంజి పట్టీ అంటిస్తే ఆ సందు మూసుకుంటుంది, దూరం కూడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

18650 లిథియం సెల్, దాని నుంచి 2.7 ఓమ్ ఒక వాట్ రెసిస్టర్ ద్వారా ఎల్‌ఈడీ, స్విచ్‌గా ఏఓ3400 మాస్‌ఫెట్. సెల్ నిండుగా ఉన్నప్పుడు 370 మిల్లీఆంప్స్, 3.6 వోల్టులకు దిగినప్పుడు 150. వెలుతురు సగానికి పడినా జాడీ లోపల 1 మిల్లీఆంప్ వస్తుంది, చార్జ్ కావడానికి ఇంకో సెకను పడుతుందంతే. 3.3 వోల్టుల ప్రో మినీ మైక్రోకంట్రోలర్ బోర్డు, 0.96 అంగుళాల ఓఎల్‌ఈడీ తెర. టీఎస్‌ఓపీ సరఫరాకు 100 ఓమ్, 4.7 మైక్రోఫారడ్ ఫిల్టర్ వదిలేయకూడదు. తెర మారినప్పుడల్లా సెల్ మీద పడే చిన్న కుదుపు రిసీవర్‌కు సిగ్నల్‌లా వినిపిస్తుంది.

పాత టీఎస్‌ఓపీ1738 చేతిలో ఉండి దాన్ని పెడితే కాళ్ల వరుస వేరు. 1738లో గ్రౌండ్, సరఫరా, అవుట్‌పుట్. 4838లో అవుట్‌పుట్, గ్రౌండ్, సరఫరా. మార్చకుండా గుచ్చితే రిసీవర్ కాలిపోవచ్చు.

ఎక్కడ దెబ్బతింది

మొదటి బోర్డులో 470 మైక్రోఫారడ్ బదులు 0.47 ఫారడ్ సూపర్ కెపాసిటర్ ఉండేది. కరెంటు దాచుకుంటే మంచిదే కదా అన్న ఆలోచన. దాన్ని 3 వోల్టులకు నింపడానికి 1.4 కూలుంబ్‌లు కావాలి. 2.2 మిల్లీఆంప్స్‌తో పది నిమిషాలు దాటుతుంది. పన్నెండు జాడీలకు రెండు గంటలు. ఆ పది నిమిషాలూ వెలుతురు పడి ప్యానెల్ వేడెక్కింది, దాని వెనకే అతికించిన సెన్సర్ కూడా వేడెక్కింది. 25 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ పెరిగితే తేమ రీడింగ్ తన విలువలో 6 శాతం తగ్గుతుంది, అంటే 40 ఉన్నచోట 37.6 చూపిస్తుంది. విత్తనం నిజంగా ఉన్నదానికంటే పొడిగా ఉన్నట్టు కనిపించడం ఇక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు. 470 మైక్రోఫారడ్ ఒక సెకనులోపే నిండుతుంది. బటన్ నొక్కిన నాలుగు సెకన్లలో అంకె తెర మీద ఉంటుంది. సెన్సర్ ఎప్పుడూ ఆ గాలిలోనే ఉంటుంది కాబట్టి కుదురుకునే సమయం కూడా అక్కర్లేదు. అయినా సెన్సర్‌ను ప్యానెల్ నీడలో, రెండు సెంటీమీటర్ల దూరంలో వేలాడదియ్యాలి.

రెండోది పైపు. మొదట వాడింది 63 మిల్లీమీటర్లది. ప్యానెల్ 60 మిల్లీమీటర్లే కదా, సరిపోతుందనుకున్నది. కానీ చదరానికి కోణం నుంచి కోణానికి 85 మిల్లీమీటర్లు. నాలుగు మూలలూ పైపు గోడ నీడలో పడ్డాయి. ప్యానెల్ లోపలి సెల్స్ అన్నీ వరుసగా కలిపి ఉంటాయి, అన్నిటికంటే మసకగా ఉన్న సెల్ ఎంత ఇస్తే మొత్తం అంతే ఇస్తుంది. పది శాతం నీడకు పది శాతం నష్టం అనుకోకూడదు, సగానికి సగం పోతుంది. కాబట్టి బోర్డు అతికించే ముందు ప్యానెల్ ఒక్కదాన్నే గాజు వెనక పెట్టి, మల్టీమీటర్‌ను మిల్లీఆంప్స్‌లో పెట్టి నేరుగా తగిలించి చూడాలి. 2 చుట్టూ వస్తే సరే. 0.5 వస్తే నీడ ఎక్కడుందో వెతకాలి.

మూడోది 38 కిలోహెర్ట్జ్. ఏటీటైనీ సొంత ఆసిలేటర్ (చిప్ లోపలి గడియారం) ఫ్యాక్టరీ నుంచి పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. టీఎస్‌ఓపీ వినే పట్టీ వెడల్పు మాత్రం మొత్తం కలిపి పది శాతం చుట్టూనే. ఒక చిప్ 35 దగ్గర పలికితే ఆ జాడీ ఒకసారి చెబుతుంది, ఒకసారి చెప్పదు. మనం ఎల్‌ఈడీని, గాజును అనుమానిస్తాం. అందుకే ప్రతి చిప్‌కూ ఫ్రీక్వెన్సీ కొలిచి ఆసిలేటర్ వేగాన్ని దిద్దే ఓఎస్‌సీసీఏఎల్ విలువ సరిచేసి ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాసుకోవాలి. సరఫరా వోల్టేజీ మారితే ఈ ఆసిలేటర్ కూడా కదులుతుంది. రెగ్యులేటర్ పెట్టడానికి అదీ ఒక కారణం.

నాలుగోది జిగురు. ప్యానెల్‌ను గాజుకు అతికించడానికి వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ వాడితే అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. మూసిన జాడీలో ఆ ఆవిరి పోయే దారి లేదు, సెన్సర్ పొరలోకి ఇంకి రీడింగ్‌ను పక్కకు తోస్తుంది. ఆరేటప్పుడు ఆమ్లం వదలని న్యూట్రల్ రకమే వాడాలి, అదీ బయట రెండు రోజులు ఆరనిచ్చాకే మూత వెయ్యాలి. చెడిన సెన్సర్‌ను 100 డిగ్రీల దగ్గర పొడి వేడిలో పది గంటలు ఉంచి, తర్వాత 75 శాతం తేమలో 12 గంటలు ఉంచితే చాలావరకు కోలుకుంటుంది.

ఐదోది చిన్నదే. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ పదుల కిలోహెర్ట్జ్‌లో మినుకుతుంది, ఆ మినుకులో ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంటుంది. స్పాంజి పట్టీ సరిగ్గా ఆనకపోతే రిసీవర్ దాన్ని విని చెవులు మూసుకుంటుంది. లైటు ఆపితే రీడింగ్ వస్తుందంటే కారణం ఇదే.

వెలుతురుతోనే ఆజ్ఞ

జాడీ నంబరు మార్చాలంటే మూత తీసి చిప్ ప్రోగ్రామ్ చెయ్యాలా? అక్కర్లేదు. కరెంటిచ్చే దీపాన్నే ఆర్పి వెలిగించి మాట పంపొచ్చు. 1880లో గ్రాహం బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ వాషింగ్టన్‌లో ఎండనే వాహకంగా చేసుకుని మాటను 213 మీటర్లు పంపింది ఇదే దారిలో, అవతల సెలీనియం సెల్ పెట్టి. 2015లో హెరాల్డ్ హాస్ సోలార్ ప్యానెల్‌నే డేటా రిసీవర్‌గా చూపించారు. ఇక్కడ అంత వేగం అవసరం లేదు.

డయోడ్‌కు ముందు, ప్యానెల్ వైపు నుంచి 100 కిలో ఓమ్‌లు రెండు వరుసగా గ్రౌండ్‌కు, మధ్య బిందువు ఏటీటైనీ 3వ పిన్నుకు. డయోడ్ తర్వాత తీసుకుంటే కెపాసిటర్ ఆ మినుకులన్నీ మింగేస్తుంది. ప్యానెల్‌కు కూడా తన కెపాసిటెన్స్ ఉంటుంది, ఈ రెసిస్టర్లతో కలిసి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అందుకే ఒక్కో సగం బిట్టుకు 20 మిల్లీసెకన్లు.

మాంచెస్టర్ పద్ధతిలో పంపాలి. అందులో ప్రతి బిట్టూ సగం వెలుగు, సగం చీకటి. సున్నాలు ఎన్ని వరుసగా వచ్చినా చీకటి 40 మిల్లీసెకన్లు దాటదు. ఆ సేపట్లో 1 మిల్లీఆంప్ తాగితే కెపాసిటర్ మీద పడేది 0.085 వోల్టు. మామూలుగా ఒకటికి వెలుగు, సున్నాకు చీకటి అని పంపితే, ఎనిమిది సున్నాల మాట మధ్యలో బోర్డు నీరసపడి రీసెట్ అయ్యే అవకాశం ఉంది. బోర్డు మాట అందుకున్నాక కొత్త నంబరును ఈప్రామ్‌లో రాసి, అదే నంబరుతో ఇన్‌ఫ్రారెడ్‌లో జవాబిస్తుంది. ఆ జవాబు వచ్చాకే బటన్ వదలాలి.

అంకెను నమ్మే ముందు

జాడీలో పెట్టబోయే ప్రతి బోర్డునూ రెండు ఉప్పుల మీద చూడాలి. చిన్న సీసాలో మెగ్నీషియం క్లోరైడ్ తడి ముద్ద: 25 డిగ్రీల దగ్గర పైగాలి 32.8 శాతం. ఇంకో సీసాలో మామూలు ఉప్పు తడి ముద్ద: 75.3. నీళ్లు ఎక్కువైతే ఉప్పు కరిగిపోతుంది, ముద్దలో కరగని ఉప్పు కనిపిస్తూ ఉండాలి. ముద్ద బోర్డుకు తగలకుండా మూసి ఒక రాత్రి వదిలి, పొద్దున బయటి నుంచే రీడర్‌తో చదవాలి. ఎస్‌హెచ్‌టీ31కి 2 శాతం తేడా మామూలే. పొడి విత్తనాల జాడీకి 32.8 దగ్గర వచ్చిన తేడాయే ముఖ్యం. ఆ తేడాను జాడీ నంబరు పక్కన రీడర్‌లో రాసుకుంటే తెర మీద సరిచేసిన అంకే వస్తుంది. సిలికా జెల్ మార్చడానికి ఎలాగూ మూత తీసే రోజు వస్తుంది. ఆ రోజే బోర్డును కూడా మళ్లీ ఉప్పు మీద పెట్టి చూసి, ప్యానెల్ మీద పేరుకున్న విత్తనాల ధూళి తుడిచి లోపల పెట్టాలి.